రాని కామెర్లకు పత్యం

నిన్న మధ్యాహ్నం మా తమ్ముడింటి నుంచి వచ్చిన క్యారియర్ మూత తీయగానే నాకు ఆగకుండా తుమ్ములు వచ్చాయి. వంజరం చేప పులుసు. పైన ఎర్రటి నూనె తేలుతోంది, ఆవిరికే కళ్ళు మండుతున్నాయి. హాల్లో పేపరు చదువుతున్న మా ఆయన "ఎవరింటిది?" అని అడిగి, నేను చెప్పింది నమ్మక, లేచొచ్చి గిన్నెలోకి తొంగి చూశారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ ఇంటి వంట తిని తుమ్మినవాళ్ళు గాని, పొలమారినవాళ్ళు గాని ఇన్నేళ్ళలో లేరు. మధురవాడలో వాళ్ళ ఫ్లాటుకి భోజనానికి పిలిచినప్పుడల్లా నేను హ్యాండ్‌బ్యాగులో చిన్న ఆవకాయ సీసా పెట్టుకుని వెళ్ళేదాన్ని. పోపు లేని పప్పు, నూనె లేని బీరకాయ, నీళ్ళ మజ్జిగ. జ్వరం వచ్చినవాడి కంచం, జ్వరం లేని రోజున కూడా. అదంతా మా తమ్ముడికి ఎప్పుడో వయసులో వచ్చిన పచ్చకామెర్ల పుణ్యం. ఇందులో చిక్కేమిటంటే, వాడికి కామెర్లు ఎప్పుడూ రాలేదు.

వాడికి వచ్చింది దగ్గు మందు. దగ్గు కాదు, మందు మాత్రమే. మా నాన్న పోర్టులో క్రేన్ నడిపే రోజుల్లో వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళం. ఎండుచేపల వాసనా, ఓడల కూతా ఇంట్లో మనుషుల్లాగే తిరిగేవి. తమ్ముడు పాలిటెక్నిక్‌లో చేరాడు. సాయంత్రాలు స్నేహితులతో బీచ్‌కి వెళ్ళి వచ్చేవాడు, వచ్చాక అరకప్పు పంచదార పోసుకుని టీ తాగేవాడు, కళ్ళు సగం మూసుకుని అందరికీ చాలా మర్యాదగా జవాబులు చెప్పేవాడు. మా ఇంట్లో మర్యాదగా మాట్లాడేవాళ్ళు లేరు కాబట్టి నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఒకరోజు బియ్యం డ్రమ్ము వెనకాల ఖాళీ సీసాలు దొరికాయి, గోధుమరంగువి, చిన్నవి, బోలెడు. మా అమ్మ వాటిని చూసి గుండె కరిగిపోయి, "పాపం గుంటడికి దగ్గు తగ్గట్నేదు కావాల, మనకి సెప్పకుండా బాద పడతన్నాడు" అని మిరియాల కషాయం కాచి వాడి చేత తాగించింది. వాడూ బుద్ధిగా తాగాడు. "ఆ దగ్గు నువ్వెప్పుడైనా విన్నావా అమ్మా?" అని అడిగినందుకు నాకే తిట్లు పడ్డాయి.

తర్వాత సంగతి దాగలేదు, ఆ మందు వాడు మత్తు కోసం తాగుతున్నాడు. తిండి మానేశాడు, రోజుల తరబడి విరేచనం లేదు, సీసా దొరకని రోజు గోడలకి తల కొట్టుకునేవాడు. ఆస్పత్రి వార్డులో కొన్నాళ్ళు, భీమిలి దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో కొన్ని నెలలు. మానిన కొత్తలో మనిషి ఎలా ఉంటాడో నేను రాయను. పక్కన కూర్చున్నవాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళకి తెలియకపోవడమే మంచిది. వాడు మానాడు. మళ్ళీ ముట్టలేదు. ఇది చదివి ఎవరైనా 'అలా ఎలా మానేస్తారు, అందరూ మానగలరా' అని వాదనకు రావచ్చు. రండి. అందరూ మానగలరని నేను అనలేదు, మా వాడు మానాడని అన్నాను.

బంధువులకి చెప్పుకోవడమే మా అమ్మకి పెద్ద గండం. "కామెర్లని సెప్దాం. కామెర్లయితే వత్తాయి, పోతాయి, పరువెక్కడికీ పోదు" అంది. "రేపు పెళ్ళయ్యాక ఆ పిల్లకీ ఇదే చెప్తావా?" అన్నాను. "నోరు ముయ్యే, ప్లీడరమ్మా" అంది. చెప్పడమైతే సులువే, కాని మన వైపు కామెర్లు ఉత్త మాటతో ఊరుకునే జబ్బు కాదు. కబురు తెలిసిన మర్నాడే మా పెదనాన్న విజయనగరం అవతల నుంచి పసరు తెచ్చాడు. లేని రోగానికి మా తమ్ముడు పరగడుపున ఆ పసరు తాగి వాంతి చేసుకుంటే, "అదిగో, పైత్యం బయటికొచ్చీసింది" అని అందరూ సంతోషించారు. పసరు వెనకాలే పత్యం వచ్చింది. నూనె లేదు, కారం లేదు, పులుపు లేదు. కొన్నాళ్ళకి పళ్ళు పుచ్చి ఒక్కొక్కటే ఊడిపోతే, ఆ నేరం కూడా కామెర్ల మీదే వేసింది మా అమ్మ. నలభై దాటకుండానే కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. మలబద్ధకం, పట్టని నిద్ర, అన్నీ కామెర్ల ఖాతాలోకే పోయాయి.

వాడికి భీమిలి పిల్లని చేసుకున్నాం. చేపల పులుసు వాసనతో పెరిగిన పిల్ల. మా అమ్మ తాంబూలాలప్పుడే ఆమెకి, "అబ్బాయికి కామెర్లొచ్చి తగ్గాయి, కారం పడదమ్మా" అని అప్పగింతలు పెట్టింది. మరదలు దాన్ని వేదవాక్కు చేసుకుంది. రెండు రకాలు ఎవరు వండుతారని తనూ ఆ చప్పిడి కూడే తింది. కొత్తలో ఒకసారి మా ఇంటికొచ్చి నా ఆవకాయ అన్నం వేళ్ళు నాకుతూ తిని, "మీ తమ్ముడికి సెప్పకండొదినా, తన కోసం నాను కారం మానీసినానని తెలిస్తే బాధపడతారు" అంది. అప్పుడైనా నిజం చెప్పొచ్చుగా అని మీరంటారు. చెప్పాల్సింది ఎవరు, నేనా, వాడా? ఈ ప్రశ్న నేను వాడిని ఏటా ఒకసారైనా అడిగేదాన్ని. వాడు "వచ్చీ ఏడు సెప్తాన్లే అప్పా" అని అక్కని బుజ్జగించేవాడు. వాడు మందుల షాపు మెట్లు ఎక్కడు. ఇంట్లో ఎవరికేం కావాలన్నా రోడ్డు మీద ఎండలో నిలబడి భార్యని లోపలికి పంపేవాడు. "మీ తమ్ముడంత బద్దకస్తుణ్ణి నానెక్కడా సూడలేదొదినా" అని ఆమె నాతో దెబ్బలాడేది. ఆ బద్ధకమే వాడి ఒట్టు అని నాకు తెలుసు.

మొన్న వర్షాల ముందు వాడికి హెర్నియా ఆపరేషన్ చేయాలన్నారు. ఏళ్ళ తరబడి ముక్కడం వల్ల కూడా రావచ్చన్నాడు సర్జను. మత్తు ఇచ్చే డాక్టరమ్మ అన్నీ అడుగుతుందని ముందే చెప్పారు. ఆస్పత్రి వరండాలో, మరదలు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు వాడిని పట్టుకున్నాను.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఎప్పుడో మానీసినాను కదప్పా. ఇప్పుడెందుకు?"

"ఆపరేషనయ్యాక నొప్పికి ఆ సీసాలో సరుకుకి పెద్దన్న లాంటి మందే ఇస్తారు. నీ ఒళ్ళు దాన్ని గుర్తుపడితే? అప్పుడు మళ్ళీ కామెర్లని చెప్తావా?"

"ఇన్నేళ్ళూ అబద్దం సెప్పినానని తెలిస్తే అది నన్నొగ్గీసి ఎల్లిపోద్దప్పా" అన్నాడు. కట్టుడు పళ్ళ మధ్య మాట వణికింది. యాభై నిండిన మనిషి, పాలిటెక్నిక్ పిల్లాడిలా కనబడ్డాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. అడిగిన ప్రతిదానికీ మరదలే జవాబిచ్చింది. బీపీ లేదు, షుగరు లేదు, కామెర్లొచ్చాయి, అప్పటినుంచీ పత్యం. "మత్తు పదార్థాలేమైనా అలవాటుందా?" అని అడిగితే ఫక్కున నవ్వింది. "ఈయనకా? వక్కపొడి కూడా ఎరగరండి."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను నోరు కట్టేసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. "ఉండీదండి," అన్నాడు వాడు. "దగ్గు మందు. సీసాలు సీసాలు. పెళ్ళికి ముందు." డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని, "చెప్పి చాలా మంచిపని చేశారు" అంది. నొప్పికి వేరే మందులతో సర్దుతామనీ, గట్టివి తప్పనిసరైతే కొద్దిరోజులకే, అదీ భార్య చేతికే ఇస్తామనీ చెప్పింది. మరదలు క్యాబులో ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ఇంట్లోకి రాగానే చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "అయితే కామెర్లు రానేదా?"

"నేదు."

"ఒక్కపాలి కూడా?"

"నేదే."

"మరి నానెందుకు తిన్నాను ఆ సప్పిడి కూడు?" అని అరిచింది. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి మొదటిసారి 'నువ్వు'లోకి దిగింది. "మా పుట్టింటికెల్లినా కారం ముట్టలేదు కదా! నీకు పడదని నా నోరు కట్టుకున్నాను కదా!" సత్తుగిన్నె ఒకటి గోడకి తగిలింది. నేను తలుపు దగ్గరికి జరిగాను, వాడి పక్షాన వాదించడానికి నా దగ్గర ఒక్క పాయింటు కూడా లేదు. అంతలో ఆమె ఉన్నట్టుండి కూలబడి ఏడ్చింది. "మందుల షాపు కాడ ఎండలో నిలబడతంటే బద్దకమనుకున్నాను. ఎన్ని తిట్లు తిట్టినాను. సెప్పుంటే తిట్టకుండా ఎల్లీదాన్ని కదా." వాడు ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.

ఆపరేషను బాగానే జరిగింది. గట్టి మాత్రలు నాలుగు రోజులకి ఇస్తే, మరదలు వాటిని ఎండు నెత్తళ్ళ చేపల డబ్బాలో దాచింది. ఆ వాసనకి దొంగ కూడా చెయ్యి పెట్టడని ఆమె నమ్మకం. మిగిలినవి ఆస్పత్రికే తిరిగిచ్చేసింది. వాడికి నిద్ర ఇప్పటికీ సరిగా పట్టదు, కడుపు ఇప్పటికీ మొండికేస్తుంది, ఊడిన పళ్ళు ఎలాగూ రావు. కాని కుట్లు మానాక డాక్టరు అన్నీ తినొచ్చనగానే, ఫిషింగ్ హార్బరుకి ఆమే వెళ్ళి వంజరం తెచ్చింది. మొదటి ముద్దకి వాడు చెమటలు కక్కి, ముక్కు కారి, నీళ్ళు కావాలని సైగ చేస్తే, పులుసు గిన్నే ముందుకి జరిపి, "తాగండి, ఇది మాత్రం నిజంగా మందే" అందట. తన కంచంలో మాత్రం పులుసు రెండోసారి, మూడోసారి వేసుకుందట. ఇదంతా వాడే ఫోనులో నవ్వుతూ చెప్పాడు.

మా ఆయన గిన్నె తుడిచి పెట్టారు. నేను క్యారియర్ కడిగి ఎండలో బోర్లించాను. గడిచిపోయిన ఏళ్ళు పోయాయనే అనుకుంటాం గాని, అవి ఎక్కడికీ పోవు, ఎవరో ఒకరు ధైర్యం చేసి మూత తీసేదాకా గిన్నెలో అలాగే కూర్చుని ఉంటాయి.