సుగుణక్క పేర్చిన కార్డులు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు పెట్టి చెప్పే ధైర్యమే ఉంటే ముందు మా ఆవిడకే చెప్పేవాణ్ణి కదా?

ఎనభైల చివర్లో రాయపూర్‌లో పీహెచ్‌డీ చేసేవాణ్ణి. మనిషి ఒక కొత్త భావనను ఎలా పట్టుకుంటాడు, అదే పని కంప్యూటర్ ఎలా చేస్తుంది అన్నది నా పరిశోధన. పద్ధతి చిన్నపిల్లల ఆటలాంటిదే. బొమ్మల కార్డులు ఒక కట్ట. వాటిని రెండు కుప్పలుగా వేయాలి. ఏది ఎటు వేయాలో నా మనసులో ఒక నియమం ఉంటుంది, అది బయటపెట్టను. కార్డు వేసినప్పుడల్లా ఒప్పు, తప్పు అని మాత్రం అంటాను. దాన్నిబట్టే నియమం కనిపెట్టాలి. నేను రాసిన ప్రోగ్రాముకూ ఇదే పరీక్ష. అది తడబడిన చోటే మనుషులూ తడబడతారని తేలితే నాకు డాక్టరేటు.

రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ సుగుణక్కది. విజయనగరం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆసుపత్రిలో ఆయా. ప్రైవేటుగా కట్టి మెట్రిక్ పాసైంది. నర్సు ట్రైనింగుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, నా మాట కాదనలేక మా వరండాలో కూర్చుని కార్డులు పట్టుకుంది.

పది కార్డులు తిరగకముందే నియమం చెప్పేసింది. ఇంకోటి ఇచ్చాను. అదీ అంతే. నా ప్రోగ్రాము అదే నియమం దగ్గర కట్టంతా తిరగేసినా తికమకపడేది.

ఆమె ఫలితం నా థీసిస్‌కు అడ్డమే, పక్కన పడేసి ఉంటే సరిపోయేది. ఎందుకు పడేయలేదు? గైడుకు భయపడ్డానని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను. అదీ అబద్ధమే. నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని నేను తయారు చేసిన నియమాలను, రోగుల మలమూత్రాలెత్తే మనిషి వేరుశనగకాయలు ఒలిచినంత తేలిగ్గా ఒలిచేస్తుంటే నాకు ఒళ్లు మండింది. అసూయ. ఇంత చదివినవాడికి ఆయా మీద అసూయ.

తర్వాతి ఆదివారం ఆమె సరిగ్గా వేసిన కార్డులకు తప్పు అనడం మొదలుపెట్టాను. అన్నిటికీ కాదు, అలా అంటే పట్టేస్తుంది. ఒకటి ఒప్పు, రెండు తప్పు, నా నోటికి వచ్చినట్టు. ఆమె నుదుటికి చెమటలు పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. దాచడమెందుకు, నాకది బాగుంది. మూడు ఆదివారాలు బాగుంది.

మూడో ఆదివారం ఆమె కార్డులు కింద పెట్టేసింది.

"బాబూ, పోయిన వారం సహీ అన్న కార్డే ఇయ్యాల గలత్ ఎలాగైపోద్ది? రూలు మార్చీసినావేటి?"

"లేదక్కా. రూలు అదే. మిషన్ కూడా పట్టేసింది. నీకే దిమాగ్‌కి ఎక్కట్లేదు."

"నిజంగానా?"

"నిజం."

ఆమె కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "అయితే మందుల కాడ కూడా ఇలాగే చేస్తానేమో బాబూ. ఆస్పత్రిలో మరీజుల పాణాలు కదా. నాకొద్దులే ఆ ట్రైనింగు."

నేను కార్డులు సర్దుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు పొద్దున ఆమె మామూలుగా డ్యూటీకి బయల్దేరింది. నేను గేటు దగ్గర పళ్లు తోముకుంటున్నాను. ఇంకా టైముంది. ఒక్క మాట చాలు. నోట్లో నురగ ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె తప్పులు థీసిస్‌లోని గ్రాఫులో చక్కటి గీత అయ్యాయి, ప్రోగ్రాము గీత పక్కనే, అచ్చం అలాగే. గైడు మెచ్చుకున్నారు. డాక్టరేటు వచ్చింది, దాంతో ఉద్యోగం.

మొన్న రాయపూర్‌లోనే, టాటీబంధ్ చౌక్‌లో బస్సు కోసం నిలబడితే సుగుణక్క కనిపించింది. ఇంకా ఆయానే. పక్కన పదిహేడేళ్ల కూతురు.

"ఈ బాబేనే! నా బుర్ర సంగతి ముందే చెప్పి ఎంతమందిని కాపాడినాడో. వందనాలు చెప్పు."

ఆ పిల్ల చేతులు జోడించింది. సుగుణక్క నావైపు వంగి, మెల్లగా అంది. "ఇది కూడా నర్సవుతానంటంది బాబూ. వద్దనేసినాను. నా బుర్రే దీనికీ వచ్చుంటాది కదా?"

ఆమె నన్ను అడిగింది. నిజంగానే అడిగింది, డాక్టరును అడిగినట్టు. బస్సు వచ్చింది. నేను ఎక్కేశాను.

సుగుణక్క ఒక్క కార్డు కూడా తప్పుగా వేయలేదు. రూలు మారుతోందని కూడా ఆమె పసిగట్టింది. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. ఈ కాగితం వాళ్లింటికి తీసుకెళ్తానా? ఆ పిల్లకు ఇంకా వయసుంది, నాకు తెలుసు. అయినా మాట ఇవ్వలేను. మీకు చెప్పేశాక గుండె తేలికైంది, ఇంక వెళ్లనేమోనని భయంగా ఉంది.