ఉప్పు కాపడం

నా భర్త మీద వేధింపుల కేసు పెట్టడానికి గిద్దలూరులో వకీలు దగ్గరికి వెళ్తే, ఆయన ఫిర్యాదులో మా అత్త పేరు కూడా చేర్చాడు. నాకు ఒళ్లు మండింది.

"కొట్టింది ఆయన సార్. ఆమెనెందుకు లాగుతారు?"

"అందరూ ఇట్లనే పెడతారమ్మా. ముసలామెను కూడా స్టేషన్‌కు పిలిస్తే వాళ్లే రాజీకి వస్తారు."

"నాకు రాజీ వద్దు. ఆ పేరు తీసేయండి."

విసుక్కుంటూనే తీసేశాడు.

కేసు కోర్టుకు వచ్చాక, నా భర్త తన తరఫు సాక్షిగా వాళ్లమ్మనే పిలిపించుకున్నాడు. తల్లి కదా, తననే వెనకేసుకొస్తుందని ధీమా. అత్త రాచర్ల నుంచి ఆటోలో ఒక్కతే వచ్చింది. లోపలికి పోతూ నా వైపు చూడలేదు. సరే, కన్నకొడుకు కదా అనుకుని నేనూ తల దించుకున్నాను.

బోనెక్కిన అత్తను నా భర్త వకీలు అడిగాడు. "మీ కోడలి ఒంటి మీద దెబ్బలు నువ్వెప్పుడన్నా చూసినావా అమ్మా?"

"చూడకుండా ఎట్లుంటా నాయనా. రాత్రిళ్లు ఉప్పు కాపడం పెట్టింది నేనే కదా. ఎడమ చెయ్యి ఇంగా పైకి లేవదు ఈ పాపకు."