పదోవాడు వచ్చాడు

మా ఆయన బెన్యామీనుకు లెక్క రాదు. సినిమాలకు బట్టలు కుట్టే మనిషి, హీరోయిన్ నడుము నూలుపోగు తేడా లేకుండా కొలిచేవారు. శనివారం ప్రార్థనకు మా గుమ్మం తొక్కిన ప్రతివాడితోనూ మాత్రం, "హమ్మయ్య, పదోవాడు వచ్చాడు!" అనేవారు.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చిన యూదులం. హైదరాబాదులో కొద్ది ఇళ్ళు. పదిమంది మగవాళ్ళు కూడితేనే మాకు నిండు ప్రార్థన. బోరబండలో మా గదే మందిరం.

"ఇందాక ఏలియానీ పదోవాడన్నారుగా?"

"మనుషుల్ని లెక్కపెట్టకూడదే రాజమ్మా, మన ఆచారం."

"మరి మీరు చేసేదేంటి?"

"నేను లెక్కపెట్టట్లేదు. చెబుతున్నానంతే."

పదోవాడి కోసం ఫిల్మ్‌నగరంతా గాలించేవారు. ఒకసారి బారెడు గడ్డం చూసి జూనియర్ ఆర్టిస్టు రాములు చెయ్యి పట్టుకున్నారు. "మనవాడిలాగే ఉన్నావు, శనివారం రా!"

"అన్నా, గిది నాది కాదే! మేకప్పోళ్ళది. పొద్దుగూకితే తిరిగియ్యాలె."

జూబ్లీహిల్స్‌లో డబ్బింగ్ స్టూడియో ఉన్న కమలాకర్ గారు నిజంగా మావాడే. శనివారం మేము పనీ చెయ్యం, బండీ ఎక్కం. అయినా ఈయన కొండెక్కి నడిచి వెళ్ళి పిలిచేవారు.

"భక్తి మనసులో ఉందయ్యా. కారు లేకుండా అంత దూరం ఎలా రాను?"

"కారున్నవాళ్ళు నడిస్తే వ్రతం సార్. మేం నడిస్తే ఎవరికీ తెలీదు."

ఇంటికొచ్చాక దులిపేశాను. "వస్తే వస్తాడు, లేకపోతే లేదు, అంతా ఆయనిష్టం. మనకు మాత్రం శనివారం షూటింగువాళ్ళిచ్చే రోజుకూలి, ఆ బేటా పోతుంది."

"చూశావా, మనిష్టమే ఖరీదైంది!"

మొన్న వానల్లో కుట్టుమిషను మీదే తల వాల్చేశారు. ఇక లేవలేదు.

ఆ శనివారం పోయినవారి కోసం చదివే ప్రార్థనకు మరిది చలపతి నిలబడ్డాడు. దానికీ పదిమంది ఉండాలి. పిలిచే మనిషే లేడు. మనుషుల్ని లెక్కపెట్టకూడదు గానీ చెప్పుల సంగతి ఎవరూ చెప్పలేదు. బయటికెళ్ళి చూశాను. మగవాళ్ళవి తొమ్మిది జతలు.

"ఇక లాభం లేదు వదినా," అని చలపతి పుస్తకం మూశాడు. ఆయన కోసం ఆ నాలుగు మాటలైనా చదివే రాత లేదా అని గోడకు ఆనుకున్నాను.

అప్పుడొచ్చారు కమలాకర్ గారు. నడిచే వచ్చారు. బూట్ల నిండా బురద. గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"నేను రాకపోతే తొమ్మిదే అని నాతో అనేవాడమ్మా. నాతో ఒక్కడితోనే."

"నాతోనూ అదే అన్నాడే!" అన్నాడు లోపల్నించి ఏలియా.

"నాతోనూ!"

"నాతోనూ!"

పని పోయి ఏడాదైన నాగసాయి తల దించుకున్నాడు. "నేను లేకపోతే ఆగిపోయేది ఇదొక్కటే అనుకుని వచ్చేవాణ్ణి," అన్నాడు. ముందు చలపతి నవ్వాడు, తర్వాత గదంతా.

కమలాకర్ గారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. దేనికోసమో నాకు తెలిసింది. మగవాళ్ళ ముందు ఎప్పుడూ నోరు విప్పనిదాన్ని, అనేశాను.

"హమ్మయ్య, పదోవాడు వచ్చాడు."

చలపతి పుస్తకం తెరిచాడు.

మెట్ల మీద ఎవరో దగ్గారు. రాములు. గడ్డం లేదు, చెప్పులింకా కాళ్ళకే ఉన్నాయి.

"వదినా, నేను రావొచ్చా? పదకొండోణ్ణయిత గదా."

"రా నాయనా. నువ్వూ పదోవాడివే."

నాకు మాత్రం లెక్కలెక్కడొచ్చు!