రమణబాబు పెట్టిన మ్యూచువల్ సైటు

రమణబాబు గురించి ఎవరడిగినా నేను ముందు సాయిచరణ్‌ని తిట్టి గానీ మొదలుపెట్టను. మా ఆయన నవ్వుతాడు, ఇంకా చల్లారలేదా అని. చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

రమణ, సాయిచరణ్, నేను, ముగ్గురం బిలాస్‌పూర్‌లో ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాళ్లం. కంపెనీ అంటే అద్దాల మేడ అనుకునేరు. టైర్ల దుకాణం పైన రెండు గదులు. రైసు మిల్లులకీ నర్సింగ్ హోములకీ బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిపెట్టేవాళ్లం. నేను హైదరాబాదు పిల్లని, మా ఆయనకి బ్యాంకులో ఇక్కడికి బదిలీ అయితే వెంట వచ్చాను. వాళ్లిద్దరిదీ ఇక్కడి రైల్వే కాలనీయే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఉండిపోయిన కుటుంబాలు. పక్కపక్క క్వార్టర్లలో పెరిగారు. ఒకడి ఇంట్లో చేపల పులుసు వండితే రెండోవాడికి విడిగా పిలుపు అక్కర్లేదు. ఇద్దరూ తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం దిక్కులు చూస్తారు.

రమణకి ఒక పిచ్చి ఉండేది. బెంగుళూరులో బ్లాగర్ల సభ అంటే సెలవు పెట్టేవాడు. పూణేలో వెబ్ సదస్సు అంటే బెర్తు దొరక్కపోయినా తలుపు దగ్గర కూర్చుని వెళ్లేవాడు. తిరిగొచ్చాక వారం పాటు మాకు చెవుల్లో పోరే. ఆర్కుట్ పని అయిపోయింది, అందరూ ఫేస్‌బుక్కుకి మారాలి, ట్విట్టర్‌లో లేనివాడు లోకంలోనే లేడు అనేవాడు. ఒక మిల్లు యజమానికి బిల్లింగ్ నేర్పడానికి వెళ్లి ట్విట్టర్ ఖాతా తెరిచి వచ్చాడు. ఆ సేఠ్ మా బాసుకి ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. సభల్లో ఇచ్చిన బ్యాడ్జి మెడలోంచి తీయకుండానే ఇంటికెళితే వాళ్లమ్మ లక్ష్మీనరసమ్మగారు, "ఏటిరా అది, టేషన్లో కూలీ బిళ్లలాగ?" అనేవారు.

ఇంత పిచ్చిలోంచీ ఒక మంచి పని పుట్టింది. అదే మ్యూచువల్ సైటు.

రైల్వేలో ఒకే హోదాలో ఉన్న ఇద్దరు వేర్వేరు ఊళ్లలో ఉంటే, ఒకరి చోటికి ఒకరు బదిలీ చేయించుకోవచ్చు. దాన్నే మ్యూచువల్ అంటారు. కష్టమంతా ఆ రెండో మనిషిని వెతుక్కోవడంలోనే ఉంది. గార్డుల చేత, డ్రైవర్ల చేత కబురు పంపుతారు, విశ్రాంతి గదుల గోడల మీద కాగితాలు అంటిస్తారు. ఏళ్లు గడిచిపోతాయి. రమణ బావ సన్యాసిరావు ఇక్కడ కోచ్‌లు మరమ్మతు చేసే షెడ్‌లో టెక్నీషియన్. రమణ అక్క జ్యోతిర్మయి ఆమదాలవలసలో సర్కారు బడి టీచరు. ఆమె ఉద్యోగం రాష్ట్రం దాటి రాదు. పెళ్లయిన నాటి నుంచీ మొగుడు ఇక్కడ, పెళ్లాం, కూతురు అక్కడ. ఆయన ఒంటరిగా క్వార్టర్‌లో పడుకుని, రాజ్‌కిశోర్ నగర్‌లో రమణ వాళ్లు తర్వాత కట్టుకున్న ఇంట్లో అన్నం తినేవాడు. కూతురికి సెలవులకి వచ్చినప్పుడల్లా తండ్రి కొత్తే. మళ్లీ అలవాటయ్యేసరికి సెలవులు అయిపోయేవి. బావని విశాఖపట్నం వైపు చేర్చాలి, అక్కా బావా ఒక ఇంట్లో ఉండాలి. రమణ ఆ సైటు కట్టింది ఇందుకే.

సైటు కట్టేటప్పుడు బావ ఒకే ఒక మాట చెప్పాడు. "పేర్లు మాత్రం పైకి రానీకురా బాబూ."

ఇది రైల్వేవాళ్లలో గట్టి పట్టింపు. మ్యూచువల్ కుదిరితే ఆర్డరు చేతికొచ్చే వరకు పక్కింటివాళ్లకి కూడా చెప్పరు. కలిసి టీ తాగే స్నేహితుడికీ చెప్పరు. ఇద్దరి సంతకాలూ ఆఫీసుకి చేరేదాకా ఆ రెండో మనిషిని ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. సీనియారిటీ లెక్క ఒకటుంది కదా. మనకంటే జూనియర్‌తో మారితే మనమూ కిందికి జారతాం. కాబట్టి సర్వీసు ఎక్కువున్నవాడు ఎదురొస్తే ఎవరైనా అటే మొగ్గుతారు. రమణ అలాగే కట్టాడు. ఊరూ హోదా పైకి కనిపిస్తాయి, పేర్లు మాత్రం రమణకి ఒక్కడికే తెలుస్తాయి. సైటుకి బొమ్మలూ రంగులూ వేసిపెట్టిన సాయిచరణ్‌కి కూడా తెలియవు.

2009 వానాకాలంలో బావకి జత దొరికింది. ఇక్కడికి దగ్గర్లోని మస్తూరీ ఊరి కుర్రాడు, పేరు ధనీరామ్ సాహూ, విశాఖపట్నంలో సరిగ్గా బావ హోదాలోనే ఉన్నాడు, సొంతూరి పక్కకి రావాలని తహతహలాడుతున్నాడు. ఫోన్లో మాట్లాడుకున్నారు. దీపావళికి సెలవు మీద వస్తాను, కలిసి సంతకాలు పెడదాం అన్నాడు ధనీరామ్. రమణ ఆ రోజు ఆఫీసులో కారణం చెప్పకుండా అందరికీ జిలేబీ పంచాడు. నాకు మాత్రం మెట్ల మీద ఆపి చెప్పాడు, పేరు చెప్పకుండా.

దీపావళికి ముందు హైదరాబాదులో ఒక సభ జరిగింది. వక్తలని ముందే పిలవరు, వచ్చినవాళ్లలో ఎవరైనా బోర్డు మీద పేరు రాసుకుని మాట్లాడొచ్చు. మేం ముగ్గురం వెళ్లాం. రైల్లో రమణ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని స్లైడ్లు చేసుకుంటున్నాడు. మొదటి జత గురించిన స్లైడ్‌లో మస్తూరీ అన్న ఊరు మాత్రం ఉంచి, పేర్ల చోట నల్లగీత గీశాడు. సాయిచరణ్ తొంగి చూశాడు.

"అరే యార్, ఇదేటిరా, పోలీసు కేసులాగ? పేర్లు లేపోతే దొంగ కథ అనుకుంటారు. నువ్వే కదరా సెప్తావు, వెబ్ అంటేనే ఓపెన్ అని."

"బావ వద్దన్నాడురా."

"హైదరాబాదులో కూకున్నోడికి మస్తూరీ ఎక్కడున్నాదో తెలుసా? ఆళ్లెవులకీ రైల్వేతో పనే లేదు."

నేను అడ్డుపడ్డాను. "ఏంది రమణా, సంతకాలు అయినంక పెట్టుకోవచ్చు గదా?"

 రమణ నల్లగీతలు తీసేశాడు. సదస్సుల్లో విన్నదంతా అతను నిజంగా నమ్మాడు. దాచుకోవడం పాతకాలం పద్ధతి, పంచుకుంటేనే మేలు జరుగుతుందని నమ్మాడు. ఆ నమ్మకాన్ని చిన్ననాటి స్నేహితుడే కదిపితే ఇంకేం ఆగుతాడు!

సభలో అదరగొట్టాడు. హిందీ, ఇంగ్లీషు కలగలిపి అక్కా బావల కథ చెబుతుంటే వెనక నిలబడ్డవాళ్లు కూడా కదల్లేదు. చివరి స్లైడ్‌లో ధనీరామ్ పేరు, ఊరు, బావ పేరు, మధ్యలో రెండు బాణాలు. చప్పట్లు మోగాయి. నేను పక్కకి చూస్తే సాయిచరణ్ కుర్చీ ఖాళీ. వరండాలో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "అన్నయ్యా" అన్న మాట ఒకటి వినిపించింది. వాళ్లన్న ఆదినారాయణ కూడా సన్యాసిరావు షెడ్‌లోనే టెక్నీషియన్ అనీ, సర్వీసులో పెద్ద అనీ నాకు తెలుసు. ఇంటికి ఫోన్ చేసుకుంటున్నాడులే అనుకున్నాను.

దీపావళి మర్నాడు రమణ, సన్యాసిరావు స్వీట్ల డబ్బా, దరఖాస్తు ఫారాలు పట్టుకుని మోటార్ సైకిల్ మీద మస్తూరీ వెళ్లారు. ధనీరామ్ వాళ్లని చూసి తెల్లబోయాడు.

"అదేంటి భైయా, నేను సంతకం పెట్టేశాను కదా. ఆఫీసుకి కూడా వెళ్లిపోయింది."

"ఎవరితో?" అన్నాడు బావ.

ఆదినారాయణతో. పండక్కి ముందే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడట. సాయిచరణ్ ఒంటి మీద మ్యూచువల్ సైటు టీషర్టు ఉందట. ఆ టీషర్టులు రమణ వేయించినవే. మేం సైటువాళ్లం, మీకు ఇంకా మంచి జత చూశాం, ఈయన సీనియర్, మీరు కిందికి పడిపోరు అన్నాడట. ధనీరామ్ రమణ చేతులు పట్టుకున్నాడు. "మీరే పంపారనుకున్నాను భైయా. నా పేరు మీకు తప్ప ఎవరికీ తెలియదన్నారు కదా!"

బావ ఖాళీ ఫారాలు మడిచి జేబులో పెట్టుకుని బండెక్కాడని రమణ నాతో చెప్పాడు. తిట్టినా బాగుండేదన్నాడు.

మర్నాడు ఆఫీసులో సాయిచరణ్ ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నాడు. రమణ ఎదురుగా నిలబడి, "ఎందుకు చేశావురా?" అని మాత్రం అడిగాడు. వాడికి సిగ్గనేది ఉంటే కదా!

"మా అన్నయ్య మాత్రం మనిషి కాడేటి? వాడూ విశాఖ మ్యూచువల్ కోసం యేళ్ల తరబడి సూస్తన్నాడు. ధనీరామ్‌కీ లాబమే కదా. అందరికీ తెలాలనే కదా నువ్వు సైటెట్టింది! సక్సెస్ స్టోరీ ఏసుకోరా, మొదటి మ్యూచువల్ అయిపోనాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "థూ, నువ్వూ ఒక మనిషివేనా? వాళ్లింట్ల తిని పెరిగినవ్ గదా!" అని అరిచాను. కింద టైర్ల దుకాణంవాళ్లు పైకొచ్చి చూశారు. రమణ నన్ను ఆపి బయటికి తీసుకొచ్చాడు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "అన్న కోసం అని నన్ను అడిగుంటే కొట్లాడుకునేవాళ్లం శ్రీనిధీ. ఎవరో ఒకరు గెలిచేవాళ్లం. వీడు అడగలేదు. నా నోటితోనే చెప్పించుకుని పట్టుకుపోయాడు. చిన్నప్పటి నుంచీ నా కంచంలో తిన్నవాడు నన్ను నిలువునా ముంచేశాడు" అన్నాడు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఆమె సాయిచరణ్ పేరే ఎత్తలేదు. "ఆడెవుడో ద్రోహం సేసినాడు సరే. ఊరందరి ముందరా పేరు రాసి సూపించింది నువ్వే కదరా?" అని అడిగి, జవాబు వినకుండా పెట్టేసిందట.

సాయిచరణ్‌కి ఆ సభలో పరిచయమైనవాళ్ల ద్వారానే హైదరాబాదులో పెద్ద ఉద్యోగం దొరికింది. ఎలాంటివాళ్లకి కలిసొస్తుందో చూడండి! రమణ సైటు మూసేశాడు. ఆ తర్వాత ఏ సభకీ వెళ్లలేదు. ఎవరైనా ట్విట్టర్ అంటే లేచి నీళ్లు తాగడానికి వెళ్లేవాడు. బావ మాత్రం రోజూ వచ్చి, రమణ పక్కనే కూర్చుని అన్నం తిని వెళ్లేవాడు. క్షమించేశాడనే రమణ అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

మరుసటి ఎండాకాలం ఒక ఆదివారం నేను రతన్‌పూర్ గుడి నుంచి వస్తూ ప్రసాదం ఇద్దామని వాళ్లింటికి వెళ్లాను. అప్పుడే రమణ కూడా బజారు నుంచి కూరల సంచీతో వచ్చాడు. వరండాలో ట్రంకు పెట్టెలు, తాళ్లు బిగించిన పరుపు చుట్ట. లోపల జ్యోతిర్మయి కూతురితో అప్పుడే బండి దిగి వచ్చినట్టుంది, తల దువ్వుకుంటోంది.

"ఏంటమ్మా ఇదంతా?" అన్నాడు రమణ.

లక్ష్మీనరసమ్మగారు పరుపు చుట్ట ముడి సరిచేస్తూ, తల ఎత్తకుండా చెప్పారు. "మీ బావకి మ్యూచువల్ అయిపోనాదిరా. రేపే ఇజీనారంలో డూటీలో చేరాల. సాయంత్రం బండికే ఎల్లిపోతన్నారు."

"ఎప్పుడు కుదిరింది?"

"అయినాది, మూడు నెల్ల కిందట."

"మూడు నెలలా! రోజూ నా పక్కనే కదమ్మా తింటున్నాడు? నువ్వూ చెప్పలేదేం?"

"నీకెలాగ సెప్తామురా?" అన్నారావిడ. కోపం లేదు ఆ గొంతులో. మామూలుగా అడిగారు.

సాయంత్రం రమణే ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి మోశాడు. నేనూ వెళ్లాను, అతన్ని ఒంటరిగా వదలబుద్ధి కాక. విశాఖ బండి వచ్చింది. సామాన్లు ఎక్కించాక, కిటికీ ఊచలు పట్టుకుని అడిగాడు.

"ఎవరు బావా? ఎవరితో కుదిరింది?"

సన్యాసిరావు పెళ్లాం వైపు చూశాడు. జ్యోతిర్మయి కూతురి జడ సరిచేస్తూ ఉండిపోయింది.

"ఎవులో లేరా" అన్నాడు బావ. "నువ్వు జాగర్త. అమ్మని సూసుకో."

సంతకాలు అయిపోయాయి, ఆర్డరు జేబులో ఉంది, బండి కూడా కదిలింది. అయినా ఆ పేరు రమణకి చెప్పలేదు.