మూగ మెట్టు

మా అమ్మ హార్మోనియంలో 'మ' పలికేది కాదు. సముద్రం పక్కనున్న మా గిలకలదిండి ఉప్పుగాలికి లోపలి రీడు చిలుం పట్టి, ఆ మెట్టు నొక్కితే ఉస్సుమని గాలి మాత్రం వచ్చేది. అమ్మ ఆ పెట్టె మీదే ప్రార్థన పాటలు కట్టింది, ఆ పెట్టె మీదే నాకు నేర్పింది. వంటింటి గుమ్మం దగ్గర చాప, ఎదురుగా అమ్మ, మధ్యలో పెట్టె. నా సంగీతం చదువంతా అంతే. 'మ' రావలసిన చోట అమ్మ చిన్నగా ఊపిరి తీసుకుని పై స్వరానికి వెళ్లేది. నేనూ తీసుకునేదాన్ని. అది పాటలో భాగమనే అనుకున్నాను. నీకు బాగా ఇష్టమైన సంగీతమేదని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ ఊపిరే.

పన్నెండేళ్లుగా సువార్త సభల్లో పాడుతూ తిరుగుతున్నాను. గుడివాడ, బందరు, అవనిగడ్డ, నాగాయలంక. వ్యాన్‌లో కిటికీ పక్క సీటు నాది. ఏ ఊళ్లో దిగినా ఎవరో ఒకరింట్లో వేడన్నం, చేపల పులుసు, "ఇంకాస్త వేసుకోండమ్మా" అనే మాట. వీటికి దేవునికి స్తోత్రం చెప్పకుండా ఏ రోజూ పడుకోలేదు. దివిసీమలో ఒక చిన్న మందిరంలో ముసలమ్మలు వాయిద్యాలేవీ లేకుండా, తాళానికి కాస్త వెనకపడుతూ, కళ్లు మూసుకుని పాడేవారు. వాళ్ల తర్వాత మైకు అందుకోవాలంటే నాకు సిగ్గేసేది.

మొదటి ఏడాది గుడివాడలో, మధ్యాహ్నం షామియానా కింద సాధన చేస్తున్నాం. అమ్మ కట్టిన పాట ఎత్తుకున్నాను. అన్నయ్యగారు వాయించడం ఆపేశారు. మా బృందాన్ని నడిపేదీ, కీబోర్డు వాయించేదీ ఆయనే.

"ఏంటి చెల్లెమ్మా, అక్కడ 'మ' మింగేస్తున్నావ్? పొద్దున మనం దిగినవాళ్లింట్లో టిఫిను సరిపోలేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మా అమ్మ అలాగే నేర్పిందండీ."

"అమ్మగారికి వందనాలు. కానీ మనం పాడేది మైకులో కదమ్మా. పాటలో గొయ్యి కనపడకూడదు."

"స్తోత్రం అన్నయ్యగారూ, సరిచేసుకుంటాను."

పెద్దవాళ్లు ఏది పెట్టినా ముందు స్తోత్రం చెప్పాలని మా ఇంట్లో నేర్పారు. కాదనడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. వారం తిరక్కుండా గొయ్యి పూడ్చేశాను.

అక్కడితో ఆగానా? మరుసటి ఏడు అమ్మ హార్మోనియాన్ని బందరులో మరమ్మతుకిచ్చి కొత్త రీడు వేయించాను. నాకు పాట నేర్పినందుకు కానుక అనుకుంటూ, పొంగిపోతూ తెచ్చి ముందు పెట్టాను. అమ్మ ఆ మెట్టు ఒకసారి నొక్కింది. పలికింది. మళ్లీ నొక్కింది.

"బాగుందే," అని పెట్టె మీద గుడ్డ కప్పింది.

ఆ తర్వాత అమ్మ వాయించగా నేను వినలేదు. అడిగితే చేతులు నొప్పులనేది. నమ్మాను. నమ్మితే నాకే హాయి.

కిందటి ఏడు బందరు సభకు, ఎన్నడూ రానిది, అమ్మ వచ్చింది. మూడో వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తన పాటే పాడాను, నిండుగా, ఎక్కడా గొయ్యి లేకుండా. తిరుగు దారిలో ఆటోలో అడిగింది.

"బాగా పాడావమ్మాయ్. ఎవరిదే ఆ పాట?"

ఎగతాళి చేస్తోందేమోనని మొహంలోకి చూశాను. నిజంగానే అడుగుతోంది.

"నీదేనే అమ్మా."

"నాదా?" అంది. ఆటో మలుపు తిరిగాక, "అయ్యుంటుందిలే," అంది.

ఈ వానల్లో అమ్మ పోయింది. ఆ పాటను ఒక్కసారైనా అమ్మ పాడినట్టు సభలో పాడాలని అప్పటి నుంచీ ఒకటే పట్టుదల. ఇంట్లో మొదలుపెడితే గొంతు దానంతటదే 'మ' మీదికి వెళ్లిపోయేది. ఆ అలవాటు మాన్పడానికి నెల పట్టింది. అన్నయ్యగారికి ముందు చెప్పలేదు. చెబితే ఆయన వద్దంటారు, నేను సరేనంటాను.

మొన్న అవనిగడ్డ సభలో ఆ చోటు వచ్చింది. ఆగాను. ఊపిరి తీసుకున్నాను. ఆ కాస్త ఖాళీలోకి కీబోర్డు మీంచి 'మ' వచ్చి కూర్చుంది, చక్కగా, ఏ తప్పూ లేకుండా.

వేదిక దిగగానే అన్నయ్యగారు నవ్వుతూ ఎదురొచ్చారు.

"మర్చిపోయావు కదూ? నేను కవర్ చేశాన్లేమ్మా. ఒక్కరికి కూడా తెలియలేదు."

ఆయనది మంచి మనసే. నన్ను కాపాడాననే సంతోషం మొహమంతా ఉంది. తిడదామంటే ఆయన చేసిన తప్పేముంది? ఆ రోజు గుడివాడలో అందరితో కలిసి నవ్వింది నేనే.

అలవాటుగా నోటిదాకా వచ్చిన స్తోత్రాన్ని మింగేశాను. ఆయన ఇంకా నవ్వుతూనే, నేను ఆ మాట చెబుతానని ఎదురుచూస్తూ నిలబడ్డారు.