దివాణం తోటలో మంద కట్టించింది నేనే

ముందే చెప్తున్నాను, నాకు కోతలు కోయడం పుట్టుకతో వచ్చింది. పిల్లి కనబడితే పులి అంటాను. కానీ ఇరవై ఏళ్లుగా నా గుండెల మీద ఒక గొర్రెల మంద పడుకుని ఉంది. ఇవాళ దాన్ని లేపుతున్నాను.

దర్శి అవతల దివాణం బంగళా తోట మా తాత మీరాసాహెబ్ చేతిది. బంగళా ఏ మలుపులో కనబడాలో, ఎక్కడ పొగడ చెట్ల వెనక దాక్కోవాలో, అన్నీ తాడు పట్టి, సున్నం గీసి ఆయనే తేల్చాడు. కలువల కొలను ఎంత పెద్దదంటే, అవతలి ఒడ్డున వాన పడుతుంటే ఇవతల మిరపకాయలు ఎండేవి! తాత తర్వాత మా నాన్న కాశిం ఆ తోటకు మాలి.

ఒకరోజు దొరగారు మార్టూరులో గ్రానైటు పలక చెక్కించి తెచ్చారు. తోట చరిత్రట. ఎవరో తెల్లదొరసాని గీసిన తోట అని ఉంది. ఆవిడ ఒక్కపూట వచ్చి, నిమ్మరసం తాగి వెళ్లిందంతే.

నాన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "దొరగారూ, కింద ఓ మూల మా నాయన పేరు కూడా..."

"ఏరా కాశిం, గుంటలు తవ్వినోళ్ల పేర్లన్నీ చెక్కిస్తే మార్టూరు కొండలు చాలతాయంట్రా?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నాన్న నవ్విన ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది.

ఏటా వేసవిలో ఎరువు కోసం తోటలో గొర్రెల మంద కట్టిస్తాం. మందను మాట్లాడి తేవడం నా వంతు. ఆ ఏడాది సర్కారు తుమ్మ కాయలు మేసిన మందనే వెతికి మరీ తెచ్చాను. గొర్రె కాయను అరిగించుకుంటుంది, గింజను పెంటికల్లో పెట్టి పదిలంగా విత్తుతుంది. తెలిసిన రైతెవడూ ఆ మందను చేలోకి రానివ్వడు.

తొలకరికి మొలిచాయి. రెండేళ్లకు దారులు మూసుకున్నాయి. దొరగారి అరికాల్లో ముల్లు దిగి, ఆయన పెళ్లిళ్లకూ పేరంటాలకూ కుంటుకుంటూ వెళ్లేవారు. చివరికి పొక్లెయిన్ తెప్పించి తుమ్మతో పాటు పొగడలనూ పెకలించారు, కొలను పూడ్చారు. తాత గీసిన గీత ఒక్కటీ మిగల్లేదు. పలక మిగిలింది.

దొరగారి మీద జాలి ఉందా? చిటికెడు లేదు. మరి ఎందుకు నిద్ర పట్టదు? తాత పేరుకు సాక్ష్యం చెప్పగలిగింది ఆ తోట ఒక్కటే, దాన్ని నా చేత్తో నేనే చంపాను, అది కూడా తాత కోసమే అనుకుంటూ.

కొలను కాస్త సాగదీశానని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నేను చెప్పిన అసలు అబద్ధం అది కాదు. కుంటింది దొరగారు కాదు. ఆయన బూట్లు లేకుండా తోటలోకి దిగిందెప్పుడు? ఆ రెండేళ్లూ ఉత్త కాళ్లతో ముళ్లు పీకింది నాన్న. పోయేదాకా కుంటింది నాన్న.

"ఈ పాడు విత్తనం ఎట్టా వచ్చిందిరా?" అని ఒకసారి అడిగాడు.

"పిట్టలు తెచ్చుంటాయి నాన్నా" అన్నాను.

నమ్మాడు. ఇప్పుడు మీకు చెప్పాను, కాస్త ఊపిరి ఆడుతోంది. అడిగినవాడికి మాత్రం చెప్పలేదు.