బాబాయి కట్టిన బంగాళాఖాతం

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఏ పాఠమైనా కళ్లకు కట్టినట్టు చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరని ఒకటి, మా బాబాయి చెయ్యి పడితే ఏదైనా అదిరిపోతుందని రెండోది. రెండూ నిజమే. కాకపోతే ఆ రెంటినీ కలపకూడదని నాకప్పటికి తెలీదు. ఫిల్మ్‌నగర్ పక్కన ఓ ప్రైవేటు బళ్లో కొత్తగా సైన్సు టీచరుగా చేరి, శ్రీనగర్ కాలనీలో బాబాయి వాళ్లింట్లో మకాం పెట్టాను. బాబాయి సినిమాలకు సెట్లు వేసేవాడు. (గుడైనా జైలైనా ఆయనకు ప్లైవుడ్డూ థర్మోకోలే. మా పిన్ని సొంతింటి గోడను కూడా ఓసారి తట్టి చూసుకున్నాకే మేకు కొట్టేది.)

ఇంతలో కరస్పాండెంటు గారొచ్చి నా పాఠం చూస్తారనీ, నచ్చితేనే ఉద్యోగం ఖాయమనీ కబురొచ్చింది. లేదంటే పెట్టె సర్దుకుని మా ఊరు భీమవరం బస్సెక్కడమే. కొండ మీద మనం చేసే పనులు నది వెంట వెళ్లి సముద్రాన్ని ఏం చేస్తాయన్నది పాఠం. చెట్లున్న నేల, తవ్వి పారేసిన నేల, ఎరువుకు బదులు రంగు చల్లిన పొలం, వీటి మీద వాన కురిపిస్తే ఆ మట్టీ రంగూ కొట్టుకొచ్చి సముద్రంలో కలవాలి. ఓ ట్రేలో మట్టి పోసుకుంటే సరిపోయేదానికి నేను బాబాయిని అడిగాను. "సముద్రం సంగతి నాకొదిలెయ్, అమ్మడూ!" అన్నాడాయన.

బల్ల నిండా వచ్చింది సెట్టు. పైన జూబ్లీహిల్స్ బండరాళ్లు, బుల్లి బుల్లి బంగళాలు, కింద మూసీ, అది కలిసే కృష్ణ, దాటితే పొలాలు, చివర్న తళతళలాడే నీలి బంగాళాఖాతం. కరస్పాండెంటు గారు దాని పక్కన సెల్ఫీ కూడా దిగారు. బోరబండ నుంచి వచ్చే మా ప్రశ్నల పిల్ల (ఆ పేరు నేను పెట్టిందే) పూలమొక్కలకు నీళ్లు పోసే క్యానుతో వాన కురిపించింది. ఎర్రమట్టి జారింది, మూసీ ఎర్రబడింది, కృష్ణ ఎర్రబడింది. నేను సముద్రం వంక చూడకుండానే, "ఇప్పుడు సముద్రం ఏమైంది?" అని గొప్పగా అడిగాను.

"మస్తు సాఫ్‌గుంది, మేడమ్!"

ఆ పిల్ల అన్నట్టు నిజంగానే అద్దంలా ఉంది. కంగారులో క్యాను లాక్కుని ఇంకా పోశాను, ఎరువుకని తెచ్చిన ఆకుపచ్చ రంగంతా ఒంపాను. ఊహూఁ, చుక్క అంటలేదు. "అయితే సముద్రానికి ఏమీ కాదన్నమాట, సంతోషం!" అన్నారు కరస్పాండెంటు గారు. నాకు భీమవరం బస్సు హారను వినిపించింది. తన సెట్టు చూసుకోవడానికొచ్చి గుమ్మంలో మురిసిపోతున్న బాబాయి దగ్గరికి పరిగెత్తి, మురికి ఎక్కడికి పోతోందని గుసగుసగా అడిగాను.

"ఒడ్డు కింద కన్నం పెట్టి పైపేశానమ్మా. అంత కష్టపడి వేసిన సముద్రాన్ని పాడవనిస్తానా?"

సెట్టన్నాక వెనకాల ఇంకేదో ఉంటుందని ఫిల్మ్‌నగర్ పిల్లలకు వేరే చెప్పాలా? ప్రశ్నల పిల్ల అప్పటికే బల్ల కింద దూరింది. "గీడ బకెట్ ఉంది, మేడమ్! మురికంత గిండ్లనే ఉంది!" అంటూ బయటికి లాగింది. నేను ధారాళంగా పోసినందుకు అది నిండిపోయి ఉంది. ఒలికి, తిన్నగా వెళ్లి కరస్పాండెంటు గారి తెల్లబూట్లను ముంచింది. "మురికి యాడికి పోలే, సార్. కనవడకుంట దాచిండ్రు, గంతే!" అంది పిల్ల.

ఆయన బూట్లు విదిలించుకుని, "ఆ కన్నం మూసి మళ్లీ చూపించండి," అన్నారు. బాబాయి తన జేబురుమాలే కుక్కాడు. ఈసారి మట్టి ఒడ్డు దాటింది. ఎరుపూ పచ్చా కలిసి ఆ నీలమంతా మెల్లగా పాకాయి. "ఎంత బాగా వేశానే, అమ్మడూ..." అని బాబాయి అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. పిల్లలు సముద్రాన్ని కాదు, ఆయన్నే చూస్తున్నారు.

ఉద్యోగం ఖాయమైంది. అదే బళ్లో ఇప్పటికీ అదే పాఠం చెబుతున్నాను, ట్రేలో మట్టి పోసుకుని. రంగు సముద్రాన్ని తాకగానే పిల్లలు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. వాళ్ల వెనక, ఇప్పుడు బాబాయి లేని గుమ్మం వైపు నా చూపు దానంతటదే పోతుంది. ఆ వేళ క్యాను పట్టుకుని బిక్కచచ్చిన ఆ కొత్త టీచరమ్మను తలుచుకుంటే ఎంత నవ్వొస్తుందో, ఆ సముద్రం కోసం ఏడవడానికి పక్కన ఓ బాబాయి ఉన్నందుకు ఆవిడ మీద అంత కుళ్లుగానూ ఉంటుంది.